సూరత్‌కి ఏసిన మూడో కప్పు

“ఆ కప్పు సంగతి ఎవులికీ సెప్పకు.”

“సెప్పను.”

“బస్సుకి ఏలయిపోతంది. ఎల్లు మరి.”

“ఎల్తాను. ఆ పాలు సల్లారకముందే తాగు.”

మా ఇంటాయనా నేనూ ఆఖరుగా మాటాడుకున్న మాటలివే. బరంపురం ఆసుపత్రిలో, మగోళ్ల వార్డులో, గోడ పక్క మంచం. ఊపిరితిత్తుల్లో నీరు సేరింది. ఇంటికెల్లి ఇంకో దుప్పటీ, పంచే పట్టుకొద్దామని పాత్రపూర్ బస్సెక్కినాను. నేను ఊళ్లో దిగకముందే పక్క మంచం ఆయన ఫోను సేసినాడు. పాలు తాగినాడో లేదో ఎవుల్నీ అడగడం మర్సిపోనాను. ఇప్పటికీ తెల్దు.

సెప్పనని మాటిచ్చినాను. ఇప్పుడు మాట తప్పుతున్నాను. ఎందుకు తప్పుతున్నానో పూర్తిగా ఇనండి. ఇన్నాక నన్ను ఏటనుకున్నా పరవాలేదు.

ఇది రాస్తన్నది మా ఆడపడుసు కూతురు. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, బస్సు నుదుట ఊరి పేరు ఉంటే గుర్తుపడతాను. అంతకు మించి అచ్చరం రాదు. అది ఇంటరు దాకా సదివింది. సముద్రం ఒడ్డున నేను ఇరవై రెండేళ్లు పనిసేసిన ఆ రొయ్యపిల్లల హేచరీలోనే, ఆ పేకింగు షెడ్డులోనే, ఇప్పుడు అదీ పనిసేస్తంది. ఈ మాటలన్నీ ఆ షెడ్డులో పనిసేసే గుంటలకి, ఆడపిల్లలకి. అన్నాల ఏల అది మీకు సదివి ఇనిపిస్తాది. తింటూ ఇనండి, పరవాలేదు.

మీకు పని తెలుసు. బయటోలు ఇంటే తెల్దు కాబట్టి రెండు ముక్కలు సెప్తాను. రొయ్యపిల్ల మన దగ్గర బయలెల్లీటప్పుడు కనురెప్ప ఎంటిక అంత ఉంతాది. బతికుంటే గాజులాగ, దాని ఎనకనున్నది కనపడతాది. సచ్చిపోతే తెల్లబడతాది. దాన్ని రైతు సెరువుకి పంపాలంటే ప్లాస్టిక్ కవర్లో నీళ్లు పోసి, పిల్లల్ని ఏసి, మీద ఆక్సిజన్ నింపి, రబ్బరు బేండు బిగించి, ఐసు ముక్క పక్కనెట్టి డబ్బాలో సర్దాలి. కవరు కట్టీసినాక అందులో ఉన్న గాలే ఆటికి గాలి. మజ్జలో మనం ఎల్లి ఊదలేం. అందుకని దారి ఎంత పొడుగైతే పిల్లలు అంత తక్కువుండాలి. మాకు పిల్లల్ని కొలవడానికి అడుగున సన్న వలున్న జల్లి కప్పు ఒకటి ఉండీది. ఆరు గంటల దారికి కవరుకి మూడు కప్పులు. పన్నెండు గంటలకి రెండు. అంతకు మించితే ఒక్కటే.

ఆ గంటల లెక్క నాది. బాలాసోర్‌కెన్ని, కేంద్రపడాకెన్ని, బెంగాల్ పక్కకెన్ని, ఇటు భీమవరం పక్కకెన్ని, అన్నీ నా సేతి ఏళ్ల మీద ఉండీవి. నాకు పటం తెల్దు, కిలోమీటర్లు తెల్దు. డబ్బాలు మోసీ ఏన్ బండి డ్రైవర్లని అడిగీదాన్ని. “బావూ, ఎన్ని గంటలు?” అంటే ఆడు “ఎనిమిది మౌసీ” అనీవోడు. అందరూ నన్ను మౌసీ అనీవోరు, ఒడియాలో పిన్నీ అని. డ్రైవరు ఎనిమిదన్నాడంటే మన గేటుకాణ్ణుంచి రైతు గట్టు దాకా ఎనిమిది. ఆడు టీ తాగడం, రైలు గేటుకాడ ఆగడం, టైరు మార్సుకోడం అన్నీ ఆ ఎనిమిదిలోనే. ఆ మాట నేను ఎప్పుడూ ఆలోసించలేదు. గంట అంటే అదే గంట అనుకున్నాను. ఇన్నేళ్లలో నా లెక్క తప్పి సీడు, అంటే పంపిన పిల్ల, సచ్చింది లేదు. అది నాకు గర్వంగా ఉండీది. గర్వం కాదని అబద్దమెందుకు.

మా ఇంటాయనది గేసు పని. సిలిండర్లు దొర్లించుకురావడం, పైపు పెట్టి కవర్లు నింపడం. నింపిన కవరు మీద ఏలితో ఒకసారి కొట్టి, ఆ సప్పుడు ఇని, సాలు అనో, ఇంకొంచెం అనో అనీవోడు. ఆయన మెల్లిగా మాటాడతాడు. నా గొంతు సంగతి మీకు తెలుసు. ఇంటికాడ ఎలాగున్నా షెడ్డులో ఆయన మీద నేను మేస్త్రీని. గుంటలకి అదో నవ్వులాట.

“మౌసీ, ఇంటికాడ కూడా మౌసాకి ఎన్ని కప్పులో నువ్వే లెక్క కడతావా?”

“ఇంటికాడ ఆయనకి ఒక్క కప్పే. టీ.”

ఆయనా నవ్వీవోడు. నవ్వితే కవరు మూతి సేతిలోంచి జారిపోయీది.

పెళ్లికి ముందు, పెళ్లయిన కొత్తల్లోనూ, ఆయన తొమ్మిదేళ్లు సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిసేసినాడు. మన గంజాం జిల్లాలో సూరత్ ఎల్లని ఇల్లు ఏది. ఆ రైలెక్కితే ఒక పగలు, ఒక రాత్రి, మళ్లా సగం పగలు. లెట్రిన్ గుమ్మంకాడ కూకుని ఎల్లినోలే అందరూ.

ఆ సూరత్ నుంచే సీడు కావాలని కబురొచ్చింది. అడిగినోడు గుజరాతీ కాదు, మన దిగపహండి మనిషి. పాతికేళ్లు మగ్గాల మజ్జన నిలబడి సెవులు సరిగ్గా ఇనపడక పని మానీసినాడు. సూరత్ పక్కన ఉప్పునీటి సెరువు కౌలుకి తీసుకున్నాడు. బతుకులో అదే మొదటి సెరువు. సీడు మాత్రం మన జిల్లాదే ఏస్తానని పట్టుపట్టినాడు. అప్పుడే భువనేశ్వర్ నుంచి సూరత్‌కి నేరుగా ఇమానం పడింది. రైల్లో ఎల్లితే పిల్ల బతకదు, ఇమానంలో పంపుదామన్నాడు మేనేజరు.

ఆ మేనేజరు నెల్లూరు పక్కోడు. మంచోడే. షెడ్డుకొచ్చి నాకు ఫోను సూపించినాడు. “అక్కా, ఇది చూడు. భువనేశ్వర్ నుంచి సూరత్‌కి పదమూడు వందల అరవై కిలోమీటర్లు. ఫ్లైటు రెండుంపావు గంటలు.”

గీత ఒకటి ఒంపుగా ఉంది ఫోనులో. ఈ సివర సుక్క, ఆ సివర సుక్క.

“రెండుంపావేనా?”

“రెండుంపావే.”

మనకాణ్ణుంచి భువనేశ్వర్‌కి ఏన్ నాలుగు గంటలు. అది నాకు తెలుసు. నాలుగూ రెండూ ఆరు, మీద పావు. ఏళ్ల గణుపుల మీద రెండుసార్లు లెక్కెట్టినాను. ఆ పావుది ఏముందిలే అనుకున్నాను. మూడు కప్పులు అని సెప్పీసినాను. మేనేజరుకీ సంతోషమే. కప్పులు ఎక్కువైతే డబ్బాలు తక్కువ, ఇమానంలో బరువు తక్కువ.

మా ఇంటాయన పైపు కింద పెట్టీసినాడు.

“ఒక కప్పుకి తగ్గించు,” అన్నాడు.

“ఎందుకు?”

“సూరత్ అంత దగ్గర కాదు.”

“నువ్వెల్లింది రైల్లో. ఇది ఇమానం.”

“ఇమానం దిగినకాడే సెరువుంతాదేటి? ఈ పక్క కూడా ఏన్ ఎల్లగానే ఎక్కించీస్తారా? ఎక్కినోల్ని ఎవుల్నైనా అడిగి సూడు.”

“ఎవుల్నడగాలి? నువ్వెక్కినావా, నేనెక్కినానా?”

గుంటలు నవ్వినారు. ఆ నవ్వుకి నాకు ఇంకొంచెం ఊపొచ్చింది.

“గేసు నీది. గంటలు నాయి. నీ పని నువ్వు సూసుకో,” అన్నాను.

ఆయన వంగి రబ్బరు బేండ్ల పొట్లం తీసుకున్నాడు. ప్రతి కవరూ మామూలు కంటే బిర్రుగా నింపినాడు. నేను మూడో కప్పు ఏసిన ప్రతిసారీ నా సేతివంక ఒకసారి సూసీవోడు.

తెల్లారి ఐదింటికి ఏన్ ఎల్లింది. నా లెక్క ప్రకారం పదకొండుంపావుకి సూరత్ నుంచి ఫోను రావాలి. రాలేదు. పదకొండున్నరకి మేనేజరు మన డ్రైవరికి ఫోను సేసి నా సేతికిచ్చినాడు.

“దిగిపోనాయా బావూ?” అన్నాను.

“ఏటి దిగడం మౌసీ? డబ్బాలు ఇంకా భువనేశ్వర్‌లోనే ఉన్నాయి. సరుకు గోడౌన్లో.”

“ఏన్ పాడైందా?”

“లేదే. తొమ్మిదింటికే ఇచ్చీసినాను. తూకం, కాయితాలు, మిషన్లో పెట్టి సూడ్డం, ఇవన్నీ ఉంతాయి గదా. ఇమానం పన్నెండున్నరకి. మూడు గంటలు ముందివ్వాలంట.”

నాకు ఎంటనే తెలిసిపోనాది. ఆడు అంత మామూలుగా సెప్పినాడు. ఎక్కడా ఏదీ ఆగిపోలేదు. ఏన్ టైముకెల్లింది, ఇమానం టైముకి ఎగరబోతంది. తప్పింది నా ఏళ్ల లెక్కొక్కటే.

మళ్లా లెక్క కట్టినాను, ఈసారి ఆడు సెప్పినట్టు. పన్నెండున్నరకి ఎగిరితే రెండుంముప్పావుకి దిగుతాది. దిగినాక అక్కడా గోడౌను ఉండదా, కాయితాలు ఉండవా. రైతుకి ఫోను సేయించినాను. ఆయన అక్కడ సరుకు గేటు బయట ఏన్ పెట్టుకుని పొద్దున్నించీ కూకున్నాడు. డబ్బాలు ఇచ్చీసరికి నాలుగున్నర, ఐదు అవుతాదన్నాడు. అక్కణ్ణుంచి సెరువుకి రెండు గంటలు. ఏడింటికి గాని కవరు ఇప్పడు. ఐదు నుంచి ఏడు. పద్నాలుగు గంటలు. ఒక్క కప్పు దారి. నేను మూడు ఏసినాను.

అప్పుడు పన్నెండు కూడా అవలేదు. ఆయన బిర్రుగా నింపిన గాలితో ఆ పిల్లలు ఇంకా బతికే ఉన్నాయి. ఎక్కడున్నాయో నాకు తెలుసు, ఎన్నింటికి గాలి అయిపోతాదో కూడా తెలుసు. గోడౌన్లోకెల్లిన డబ్బాలు మళ్లా బయటికివ్వరంట, ఎవులూ ఆటిని ముట్టుకోలేరు. గుంటలూ, మీరు ఎప్పుడైనా లెక్క తప్పితే తెలుస్తాది, అలాగ కూకోడం ఎలాగుంతాదో. అన్నం క్యారేజీ ఇప్పినాను, మూత పెట్టీసినాను. మధ్యాన్నం బాలాసోర్ కవర్లున్నాయి. ఆటికి కప్పులు ఏస్తంటే సెయ్యి మజ్జలో ఆగిపోయీది.

మా ఇంటాయనకి నేను సెప్పలేదు. ఫోనులో నా మాటలు ఇన్నాడు, అంతే సాలు. నేను సెప్పలేదా అని అనొచ్చు. అనలేదు. నా సెయ్యి ఆగినప్పుడల్లా కవరు మూతి పట్టుకుని, ఏసీదాకా అలాగే నిలబడీవోడు.

ఏడుంపావుకి రైతు ఫోను సేసినాడు. పెళ్లాన్ని గట్టుమీదకి తీసుకొచ్చి, గట్టుకి పసుపు రాసి, టెంకాయ కొట్టి, అప్పుడు కవరు ఇప్పినాడంట. “సబు ధళా హోఇగలా మౌసీ,” అన్నాడు. అన్నీ తెల్లబడిపోనాయి అని. కవర్ల అడుగున బియ్యం నూకల్లాగ ఉన్నాయంట. నేను గట్టిగా మాటాడితే గాని ఆయనకి ఇనపడదు. ఆ పూట నేనన్నదేటీ ఆయనకి అందలేదు. ఆయన తిట్టినా బాగుండీది. “నీళ్లు పెట్టి ఉంచినాను, మళ్లా ఎప్పుడు పంపుతావు మౌసీ?” అని అడిగినాడు.

మర్నాడు పొద్దున్న బరంపురం నుంచి సావుకారు కారేసుకుని ఒచ్చీసినాడు. హేచరీ ఆయనది. తరాల్నాడే బరంపురంలో స్థిరపడిపోయిన మన తెలుగోలే. ఎంత కోపంలో ఉన్నా, పిల్లలకి రోగం రాకుండా గుమ్మంకాడ పెట్టిన మందునీళ్లలో కాళ్లు ముంచే లోపలికొచ్చీవోడు. ఆ రోజూ ముంచినాడు.

“పేకింగు ఎవులు సేసినారు?” అన్నాడు.

“ఎప్పుడూ చేసేవాళ్లే సార్. మామూలుగానే చేశారు,” అన్నాడు మేనేజరు.

“మామూలుగా సేస్తే మామూలుగా బతకాలి గదా. ఈ ఆడోల ఏళ్ల లెక్కలు ఇంక ఒద్దు. నెల్లూరు నుంచి పేకింగు జట్టుని దింపీ. ఈళ్లందర్నీ నెలాకరికి పంపీసీ.”

పద్నాలుగుమంది గుంటలు కప్పులు పట్టుకుని నిలబడున్నారు. అందులో ఆరుగురికి ఆ కూలి తప్ప ఇంట్లో ఇంకో కూలి లేదు. సావుకారు నా పక్క తిరిగినాడు.

“ఎన్ని కప్పులేసినావు?”

సెప్పడానికే నోరు తెరిసినాను. ఆ మాట మాత్రం నమ్మండి. తెరిసిన నోరు అలాగే ఉంది.

“రెండే ఏసినాది సావుకారూ,” అన్నాడు మా ఇంటాయన, సిలిండర్ల పక్కనుంచి. “గేసు నేనే తక్కువెట్టినాను. సిలిండరు అయిపోవొచ్చింది. మార్సడానికి బద్దకించినాను.”

సావుకారు ఆయన్ని కిందనుంచి పైదాకా సూసినాడు. “ఎన్నేళ్లయింది నువ్వొచ్చి?”

“పద్దెనిమిది.”

“రేపట్నుంచి రాకు.”

“సరే సావుకారూ.”

నెల్లూరు జట్టు మాట సావుకారు ఇంక ఎత్తలేదు. మూడు కప్పులని షెడ్డులో అందరికీ తెలుసు. పద్నాలుగుమందీ నేల సూసినారు. పదిహేనోది నేను. నేనూ నేలే సూసినాను. ఆయన పానా కిటికీ గట్టుమీద పెట్టి, పైపు సుట్ట సుట్టి, బయలెల్లినాడు. ఎల్లీటప్పుడు గుమ్మంకాడ మందునీళ్లలో కాళ్లు ముంచినాడు. బయటికెల్లీటప్పుడు ఎవులూ ముంచరు గదా. మేనేజరికి నిజం తెలుసు. ఆయనా గోడ పక్కకి తిరిగిపోనాడు.

ఏటే, కలం ఆగిపోనాదేటి? నాకు సప్పుడు ఇనపడతాది. రాయి. మీ మావయ్య కాదు, నేనే. మూడో కప్పు నేనే ఏసినాను. కోపమొస్తే రానీ, రాసినాక తిట్టు.

మధ్యాన్నం నేను ఇంటికెల్లీసరికి ఆయన వంకాయలు కోస్తన్నాడు.

“ఎందుకన్నావు అలాగ?” అన్నాను.

“నీ లెక్క పోతే ఆ గుంటలందరూ పోతారు. గేసు పోతే నేనొక్కడినే.”

“నేనెల్లి సెప్పీస్తాను.”

“సెప్పి? ఇద్దరం ఇంటికాడ కూకుని వంకాయలు కోసుకుందామా?”

“మరి నీ పేరో?”

“నా పేరు ఎవులికి కావాలే. రొయ్యపిల్లలకా?” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వే నేను సేసిన తప్పు. నవ్వీసినాక ఇంక లేసి ఎల్లలేకపోనాను. వంకాయ ముక్కలు నీళ్లలో ఏసి ఆయనే అన్నాడు, “మళ్లా పంపీటప్పుడు ముందు నువ్వెల్లి సూసిరా. అడిగి కాదు, సూసి.”

రైతుకి ఇంకోసారి సీడు పంపడానికి సావుకారు ఒప్పుకున్నాడు. దానికి ముందు మేనేజర్ని బతిమాలి నేను భువనేశ్వర్ ఎల్లినాను, ఏన్లో డ్రైవరు పక్కన. సరుకు గేటు బయట సిమెంటు గట్టుమీద పొద్దున్నించీ కూకున్నాను. డబ్బాలు దింపీవోల్ని అడిగినాను, సూసినాను. ఏ డబ్బా ఎన్నింటికి లోపలికెల్తంది, ఇమానం ఎన్నింటికి లేస్తంది. అంత పెద్దది నా నెత్తిమీంచి ఎల్తంటే దాని కడుపు తెల్లగా కనపడింది. అవతల పక్క గంటలు రైతు సేత సెప్పించుకున్నాను. ఒక్క కప్పు ఏసినాము. ఆ సాయంత్రం రైతు ఫోను సేస్తే మాటకంటే ముందు ఆయన పెళ్లాం నవ్వు ఇనపడింది. కవర్లో ఏటీ కనపడలేదంట. దీపం పెట్టి సూస్తే అప్పుడు కదిలినాయంట.

మేనేజరు ఆ లెక్క కాయితం మీద రాయించి, పైన నా పేరు పెట్టించి గోడకి అంటించినాడు. గేటు నుంచి గట్టు దాకా. మీరు దాన్ని మౌసీ లెక్క అంటారు. దానికింద నిలబడే కప్పులు ఏస్తారు. అది మౌసీ లెక్క కాదు. దిగినకాడే సెరువుంతాదేటి అని అడిగిన మనిషిది. ఫోను అబద్దమాడలేదు, రెండుంపావు గంటలు నిజమే. ఈ సుక్క నుంచి ఆ సుక్కకి. ఆ సుక్కలకి ఈ పక్క ఎంత, ఆ పక్క ఎంత అని అడిగినోడు షెడ్డు మొత్తంలో ఒక్కడే. ఆయన్ని నోరు మూయించింది నేను.

తరవాత ఆయన హుమ్మ అనే ఊళ్లో ఉప్పు మడులకాడ కాపలా కుదిరినాడు. అక్కడే పడుకుని వారానికోసారి ఇంటికొచ్చీవోడు. కాళ్లు ఉప్పుకి పగిలిపోయీవి. ఒచ్చినప్పుడల్లా హేచరీ గురించే అడిగీవోడు. కొత్త గేసోడు ఎలాగ నింపుతున్నాడు, కవరు కొట్టి సూస్తన్నాడా లేదా అని. షెడ్డులో మాత్రం ఆయనకి ఇంకో పేరొచ్చింది. కవరు కొంచెం మెత్తగా ఉంటే సాలు, “ఇదేటే, గేసుతక్కువోడు కట్టినాడా?” అనీవోరు. నిజం తెలిసిన గుంటలు పెళ్లిళ్లయి ఒక్కొక్కర్తే ఎల్లిపోనారు. కొత్తగా ఒచ్చినోలకి ఆ పేరే మిగిలింది, మనిషి తెల్దు. ఆయన నా మొగుడని కూడా సగంమందికి తెల్దు.

ఒకనాడు ఆ మాట అని అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇది ఇన్నాళ్లూ ఆయనకి కూడా సెప్పలేదు. నవ్వకపోతే అనుమానమొస్తాదని నవ్వినాననుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. అప్పటికి నాకు అలవాటైపోనాది. గోడ మీద నా పేరున్న కాయితం, అందరూ మౌసీ మౌసీ అనడం, అది బాగుండీది.

ఇంకోసారి ఆయన గేటుకాడికి నాకు మందులు పట్టుకొచ్చినాడు. ఒక కొత్త గుంట డబ్బాలు మోస్తూ, ఆయనెవులో తెలీక, పక్కదానితో ఆ పేరు పెట్టి ఏదో అంది. ఆయన ఇన్నాడు. “నువ్వు బాగా నింపమ్మా. కొట్టి సప్పుడు ఇను,” అన్నాడు. అది ఎవులో ముసలోడు సలహా సెప్తన్నాడనుకుని తలూపింది. ఆ గుంట ఇప్పుడు మీ షెడ్డులోనే ఉంది. ఇది ఇంటే దానికి గుర్తొస్తాది. దాన్ని ఏటీ అనొద్దు, తెలీకన్న మాట.

ఆయన పోయి ఏడాది దాటింది. మాటిచ్చినాను గదా, నాతోనే పోనీ అనుకుని ఊరుకున్నాను. కిందటి నెల ఈ పిల్ల పని నుంచి ఒచ్చి, క్యారేజీ కడుక్కుంటూ సెప్పింది. షెడ్డులో ఎవులో దీన్ని, “గేసుతక్కువోడి మేనకోడలివంట గదా, నీ కవర్లు రెండుసార్లు సూడాలి,” అన్నారంట. ఇది ఏడవలేదు. “మావయ్య బద్దకస్తుడు కాదు గదా అత్తా?” అని అడిగింది. అంతే అడిగింది. నేను లేసి కుండలో నీళ్లున్నాయో లేదో సూసినట్టు సూసినాను. మూడు వారాలు అలాగే తిరిగినాను. ఆయనకి ఇచ్చిన మాట ఆయనకోసమే గాని ఈ పిల్ల ఆ సెడ్డపేరు మొయ్యడానికి కాదు. ఆ సంగతి ఆయనుంటే ఆయనే ముందనీవోడు. అనీవోడనే నేననుకుంటన్నాను. అడగడానికి మనిషి లేడు.

అందుకని ఇది దాని జవాబు. కాదే. మీ మావయ్య బద్దకస్తుడు కాదు. ఆ రోజు సిలిండరు నిండుగా ఉంది, ఆయన పొద్దున్నే మార్సినాడు. కవర్లు అన్నీ బిర్రుగా నింపినాడు. కప్పు తగ్గించమని సెప్పినాడు. నేను ఇనలేదు, అందరి ముందూ నవ్వులపాలు సేసినాను. తరవాత నా తప్పు ఆయన మోస్తంటే ఊరుకున్నాను.

గుంటలూ, మీకు నేను సెప్పీది ఏటంటే, కొత్త దారొస్తే ఆ దారిలో ఎల్లినోల్ని అడగండి. ఎల్లినోడు రైల్లో ఎల్లినా, నడిసెల్లినా సరే, ఆడికి తెలిసింది మీకు తెలీదు. గేసోడు గేసు గురించే మాటాడాలని అనకండి. గోడ మీద కాయితం మార్సక్కర్లేదు, లెక్క మంచిదే. దాని మీద ఉన్న నా పేరు కొట్టీసి ఆయన పేరు పెట్టండి. ఇది సదువుతున్న పిల్లకి ఆయన పేరు తెలుసు, అడగండి. సావుకారికి కూడా ఒకసారి సదివి ఇనిపించండి. నన్నేటైనా అనాలంటే అనమనండి. నేను ఎక్కడికీ ఎల్లను, పాత్రపూర్‌లోనే ఉన్నాను.

సాలు. ఇంక రాయకు.

ఇలా ఒచ్చి దగ్గర కూకో. మొదట్నించీ సదువు. నామీద జాలేసి ఎక్కడైనా మెత్తగా రాసినావేమో, నాకు అచ్చరాలు సూసి తెలీదు గదా. సావుకారు నన్ను అడిగినకాడ, నేను నేల సూసినకాడ, నేను నవ్వినకాడ తొందరపడకు. నాకు పనేటీ లేదు. సదువు, ఇంతాను.